కిటికీ ఉన్న గది

పోయిన వారం మీరు నన్ను వదిలిపెట్టి వెళ్ళేసరికి, మా ఆయన టిఫిన్ సంచీలో దొరికిన కాగితం పట్టుకుని ఒళ్ళంతా మంటతో నిలబడి ఉన్నాను. ఆ మంట ఇంకా చల్లారలేదు. కొత్తగా చదివేవాళ్ళ కోసం సంగతేమిటో చెబుతాను. పాతవాళ్ళు కూడా వినండి, నా బాధ రెండుసార్లు వింటే ఏమీ పోదు.

దోహాలోని అల్ మన్సూరాలో మేముండేది ఒక పాత ఇల్లు. ఇంటివాడు దాన్ని ప్లైవుడ్ చెక్కలతో ముక్కలు చేసి అద్దెకిచ్చాడు. ముందు గది మెహర్ సుల్తానాది. దానికి వీధివైపు కిటికీ ఉంది. లోపలి గది మాది. దానికి తలుపు తప్ప ఇంకే కన్నమూ లేదు. వంటిల్లూ బాత్రూమూ ఇద్దరికీ ఒకటే. మా ఆయన సత్యవేదం బలదియాలో, అంటే ఇక్కడి మునిసిపాలిటీలో, ఇళ్ళు కొలిచే డ్యూటీ చేస్తాడు. చలికాలం వానలకి పక్క సందులో ఇలాంటి చెక్కగది కప్పు కూలి ఒక మనిషి పోయాడు. అప్పట్నించీ బలదియావాళ్ళు పాత ఇళ్ళన్నీ వరసపెట్టి చూస్తున్నారు. మనిషి పడుకునే ప్రతి గదికీ బయటి గాలి వచ్చే కిటికీ ఉండాలి. లేదంటే ఆ ఇల్లు కాపురానికి పనికిరాదని వీధిగోడ మీద ఎర్రరంగుతో నంబరు వేసేస్తారు. నెల్లో ఖాళీ చెయ్యాలి. ఆ అడ్రసు మీద ఫ్యామిలీ వీసా రెన్యువల్ కూడా కాదు. నా వీసా, మా నాలుగేళ్ళ షెరిన్ వీసా ఇరవయ్యో తారీఖుతో అయిపోతున్నాయి. రెన్యువల్ కాకపోతే మేమిద్దరం నరసాపురంలో, ఆయన దోహాలో.

ఇక ఆ కాగితం. అది మా ఇంటి ప్లానుకి చిత్తు కాపీ, మా ఆయన చేత్తో గీసింది. మెహర్ ఉండే కిటికీ గదిలో "సత్యవేదం ఫ్యామిలీ" అని ఉంది. నేను మూడేళ్ళుగా కాపురం చేస్తున్న గదిలో "స్టోర్" అని ఉంది. నా పేరు ఎక్కడా లేదు. నా మొగుడు మాత్రం ఆవిడ గదిలో ఉన్నాడు.

మీరైతే ఏం చేసేవారో నాకు తెలీదు. నేను పొద్దున్న తొమ్మిదింటికి టాక్సీ ఎక్కి బలదియా ఆఫీసుకి వెళ్ళాను.

కౌంటర్‌లో హమీదుద్దీన్ ఉన్నాడు. నిజామాబాద్ మనిషి, మా ఆయనకి తెలిసినవాడే. కాగితం ఆయన ముందు పెట్టి, "హమీద్ భాయ్, ఇది తప్పు. కిటికీ గదిలో ఉండేది మెహర్ సుల్తానా అని ఒకావిడ. మేముండేది వెనకగదిలో. మా ఆయన పేరు ఆ గదిలోంచి కొట్టెయ్యండి," అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశాడు, పెట్టుకుని మళ్ళీ చూశాడు.

"సోంచాయించి మాట్లాడుతున్నవా బెహన్?" అన్నాడు.

"సోంచాయించే వచ్చాను," అన్నాను. రెండు రోజులుగా ఆలోచించడం తప్ప నేను ఇంకో పని చేసింది లేదు కదా.

ఆయన కాగితం ఒక ఫైల్లో పెట్టుకున్నాడు. నేను యుద్ధం గెలిచినదానిలా టాక్సీ ఎక్కి ఇంటికొచ్చాను. ఇక్కడో సంగతి ఒప్పుకోవాలి, నవ్వకండి. ఆవిడ మీద ఫిర్యాదు చెయ్యడానికి వెళుతూ షెరిన్‌ని ఆవిడ దగ్గరే వదిలి వెళ్ళాను. మూడేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే పిల్లని అందించేసింది.

నేను వచ్చేసరికి షెరిన్ కిటికీ కింద పరుపు మీద నిద్రపోతోంది. దాని జుట్టు గాలికి కదులుతోంది. నాలుగు నెలలుగా వదలని దగ్గు ఆ కిటికీ దగ్గర మాత్రం వదులుతుంది. అది చూస్తే సంతోషించాలి కదా? నాకు కడుపు మండిపోయింది. అవును, కుళ్ళే, దాచుకోను. ఆవిడ తల ఆరబెట్టుకునే కిటికీ మీద కుళ్ళు. ఆవిడ మంచం పైన గోడకున్న పెళ్ళి ఫోటో మీద కుళ్ళు. ఆ ఫోటోలో వాళ్ళాయన ముజఫ్ఫర్ అలీ మొహం, నుదుటి మీంచి వేలాడే పూల సెహ్రాలో కనపడదు గానీ ఆవిడ మొహం మాత్రం దీపంలా ఉంటుంది. నా పిల్ల నన్ను అమ్మా అన్నంత ముద్దుగా ఆవిడని మెహర్ పిన్నీ అనడం మీద కూడా కుళ్ళే.

వంగి పిల్లని ఎత్తుకున్నాను.

"అక్కా, ఇప్పుడిప్పుడే పండుకున్నది," అంది మెహర్, బియ్యం చెరుగుతూ. "ఆడ గాలాడది. ఈడనే ఉండనియ్యరాదు?"

"నా పిల్ల ఎక్కడ పడుకోవాలో నాకు తెలుసు."

తీసుకెళ్ళి మా గదిలో మంచం మీద పడుకోబెట్టి, ఫ్యాను వేసి, తలుపు దగ్గరగా మూసి వచ్చాను. పిల్ల వినే మాటలు కావు నేను అడగబోయేవి.

"ఏమైందక్కా? ముఖం గట్ల పెట్టినవేంది?"

"మా ఆయన పేరు నీ గదిలో ఎందుకుందే?"

చాట ఆగింది. "ఏం పేరు?"

"తెలీనట్టు అడక్కు. బలదియా ప్లానులో. నీ గదిలో ఆయన పేరు, నా గది స్టోరు. నేను సామాన్లలో లెక్కా మీ ఇద్దరికీ? పోయిన శుక్రవారం తలనొప్పి అని ఆయన ప్రార్థనకి రాలేదు. నేను పిల్లని వేసుకుని ఒక్కదాన్నే వెళ్ళాను. వచ్చేసరికి నీ గోడ నిండా ఆయన పెన్సిలు గుర్తులు. ఆ రోజు ముజఫ్ఫర్ భాయ్ కూడా లేడు, మెసయీద్‌లో ఫ్యాక్టరీ డ్యూటీ. మొగుడు లేని గదిలో నా మొగుడు ఏం కొలిచాడో చెప్పు, వింటాను."

మెహర్ మొదట నవ్వబోయింది. తర్వాత నా మొహం చూసి, నేను నిజంగానే అంటున్నానని అర్థమై, రెండు చెంపలూ వేసుకుంది.

"తౌబా తౌబా! అన్నా అని పిల్చిన మనిషిని పట్టుకొని ఏం మాటంటున్నవక్కా? నోరెట్ల వచ్చింది నీకు?"

"అన్నా అని పిలిస్తే సరిపోయిందా? చాయ్ పెడితే అన్నా, బల్బు మారిస్తే అన్నా. రోజుకి ఎన్నిసార్లు అన్నా అంటావో నేను ఈ చెక్కగోడ అవతలనుంచి వింటూనే ఉంటాను."

"వింటవు గద? మరి ఇన్నేండ్లల ఒక్క తప్పుమాట విన్నవా?"

వినలేదు. అదే నా కోపం కూడా. తప్పుమాట వినపడి ఉంటే నాకు ఎంత సుఖంగా ఉండేదో.

మెహర్ చాట పక్కన పెట్టి లేచింది. ఎప్పుడూ మెత్తగా మాట్లాడే మనిషి, అప్పుడు మాత్రం వేలు చూపించి మాట్లాడింది. "ఆయన కొలుస్తున్నంతసేపు వీధి తలుపు బార్లా తెరిచి, ఎదురింటి ఖాసింబీ ఖాలాని తెచ్చి ఈ మంచం మీద కూసోబెట్టిన. పో, పోయి అడుగు. నీ మొగని మీద నీకు నమ్మకం లేకుంటే అది నీ ఇష్టం. నా ఇజ్జత్ మీద మాట పడనియ్య."

నాకు కొంచెం వెనక్కి తగ్గాలనిపించింది. కానీ తగ్గితే నా పేరు సుకుమారి ఎలా అవుతుంది?

"అయితే పేరు ఎందుకు రాశాడు?"

"నీ కోసమే రాసిండు!" అంది. "నీ వీసా కోసం, నీ పిల్ల కోసం. నువ్వుండే గదికి కిటికీ ఉన్నదా? లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఇంటికి ఎర్ర నంబరు పడుతది. నువ్వు ఇరవయ్యో తారీఖు విమానం ఎక్కుతవు. అందుకే నా గది మీదని, మీ గది సామాన్లదని గీసిండు. అన్న పోయిన నెల నన్నూ ముజఫ్ఫర్ సాబ్‌నూ ఇద్దర్ని నిలబెట్టి అడిగిండు. కాగితం మీద మీ గది ఇస్తరా అని. అన్న కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. ఇస్తమన్నం."

నేను మంచం అంచున కూర్చుండిపోయాను. ఆ సంగతి వినగానే మనసు కుదుటపడాలి. పడింది కూడా, ఒక్క నిమిషం. మా ఆయన మంచివాడే, ఆవిడా మంచిదే, హమ్మయ్య అనుకున్నాను. మరుక్షణం ఇంకో మంట మొదలైంది. ఇది మొదటిదానికన్నా పెద్దది.

"ఈ మాట నాకెందుకు చెప్పలేదు? నీకు చెప్పాడు. నీ మొగుడికి చెప్పాడు. పెళ్ళాన్ని నేను కదా!"

మెహర్ ఇటూ అటూ చూసింది.

"చెప్పు," అన్నాను.

"కోపం జేసుకోవద్దు మరి. సుకుమారికి చెప్తే శుక్రవారం ప్రార్థనల లేచి నిలబడి చెప్పేస్తదమ్మా అన్నడు."

మా తెలుగు క్రైస్తవుల శుక్రవారం కూటం మోనికా అనే ఆవిడ ఇంటి హాల్లో జరుగుతుంది. చివర్లో ఒక్కొక్కరూ లేచి, తమ ఇంటి కష్టం చెప్పి, దీని కోసం ప్రార్థించండి అని అడుగుతారు. మిగతావాళ్ళు ఆరోగ్యం అనీ పిల్లల చదువు అనీ పైపైన చెబుతారు. నాకు అలా చేతకాదు. దేవుడికి చెప్పేటప్పుడు వివరంగా చెప్పాలి కదా! రెండేళ్ళ కిందట మా ఆయన ఎవరికీ తెలియకుండా వేరే ఆఫీసుకి మారే ప్రయత్నంలో ఉంటే, ఆ ఆఫీసు పేరుతో సహా ప్రార్థన అడిగాను. వాళ్ళ సూపర్‌వైజరు భార్య వెనక వరసలో కూర్చుని ఉంది. ఆ మార్పు అక్కడితో ఆగిపోయింది. ఆయన ఆ రోజు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనకుండా ఇన్నాళ్ళూ లోపల ఉంచుకున్నాడన్నమాట.

"ఇంజనీరు వచ్చే రోజు పొద్దుగాల చెప్పి, సామాన్లు అటివి ఇటు మారుద్దమన్నడు," అంది మెహర్. "మునిసిపాల్టీల చేసే మనిషి సొంత ఇల్లు గదా, అందుకని ఇంజనీరే వచ్చి చూస్తడంట. రేపో ఎల్లుండో."

"మరి నీ సంగతేంటి? ప్లానులో నువ్వు ఎక్కడా లేవుగా. నీ వీసా ఎలా?"

"నాకింక రెండు నెలలున్నది. అప్పటిదాంక మెసయీద్‌ల కంపెనీ క్వార్టర్ వస్తదని ముజఫ్ఫర్ సాబ్ అన్నడు."

"వస్తుందా?"

ఆవిడ మళ్ళీ చాట అందుకుంది. రాళ్ళు లేని బియ్యంలో రాళ్ళు వెతికింది.

"మెహరూ, నిన్నే. వస్తుందా?"

"రాదు. మొన్న శనివారమే తెల్సింది, వేరేటోళ్ళకి ఇచ్చిండ్రు. అన్నకు చెప్పకు అక్కా. చెప్తే కాగితం వాపస్ తీసుకుంటడు. మాటిచ్చినం గద. నా కడుపున పిల్లల్లేరు. నేను బోధన్ పోతే మా అమ్మ దగ్గర ఉంట. షెరిన్‌కి నాన్న ఉండాలె."

చూశారా ఆవిడ పని! కిటికీలో నాకన్నా ముందు. మా ఆయన నమ్మకంలో నాకన్నా ముందు. ఆఖరికి మంచితనంలో కూడా నాకన్నా ముందే పరిగెత్తి కూర్చుంది. అలాంటి మనిషిని తిట్టడానికి ఒక్క మాట దొరకదు. కాళ్ళు పట్టుకోవాలనీ ఉంది, జుట్టు పట్టుకోవాలనీ ఉంది.

రెండూ చెయ్యలేదు. అప్పుడే ఆవిడ ఒక మాట అడిగింది.

"గా కాగితం జాగ్రత్తక్కా. ఈడ ఎవరుంటరో తెల్సినోళ్ళ కంట్ల పడితే అన్న నౌకరీ పోతది, జైల్ గూడ పెడ్తరేమో. ఏడున్నది? సంచిల మల్ల పెట్టినవా?"

కుళ్ళూ కోపమూ అన్నీ ఎక్కడికి పోయాయో పోయాయి.

"హమీద్ భాయ్‌కి ఇచ్చి వచ్చాను," అన్నాను.

"ఏ హమీద్ భాయ్?"

"బలదియాలో. ఈ గదిలో ఉండేది నువ్వని కూడా చెప్పాను."

మెహర్ నన్ను తిట్టలేదు. తిట్టినా బావుండేది. చాట కింద పెట్టి, నల్ల బురఖా తొడుక్కోవడం మొదలుపెట్టింది. "లే. పోయి అడుగుదం. నిజామాబాదోడు, నా మాట వింటడు. లే అక్కా, యల్లా!"

నేను చెప్పుల్లో కాలు పెట్టానో లేదో, వీధిలో పికప్ ఆగిన చప్పుడు వినపడింది. కిటికీలోంచి చూశాను. బండి తలుపు మీద బలదియా గుర్తు ఉంది. ముందు సీట్లోంచి తెల్ల చొక్కా ఇంజనీరు దిగాడు, పొడుగాటి సుడానీ మనిషి. వెనక నుంచి మా ఆయన దిగాడు, చేతిలో కొలతల టేపుతో. ఆయన వెనకే హమీదుద్దీన్, చంకలో ఫైలుతో. డ్రైవరు ఎర్రరంగు డబ్బా తీసి గోడ పక్కన పెట్టాడు.

రేపో ఎల్లుండో రావలసినవాళ్ళు ఇవాళే వచ్చారు. సామాన్లు మార్చలేదు. మెహర్ దుప్పటి మెహర్ మంచం మీదే ఉంది. గోడకి పెళ్ళి ఫోటో అలాగే ఉంది.

మా ఆయన లోపలికొచ్చి మమ్మల్ని ఇద్దర్నీ చూశాడు. ఆయన మొహం పాలిపోయి ఉంది. పాపం, నాకేమీ తెలియదనే ఆయన అనుకుంటున్నాడు. "సుకుమారీ, వీళ్ళు..." అని ఏదో సైగ చెయ్యబోయాడు.

"నాకు తెలుసండీ," అన్నాను మెల్లగా. ఆయనకి ఏమి అర్థమైందో దేవుడికెరుక.

ఇంజనీరు సలాం చెప్పి, కిటికీ తలుపులు తెరిచి మూసి, చెయ్యి బయటపెట్టి గాలి చూశాడు. తర్వాత హమీదుద్దీన్‌తో ఏదో అన్నాడు. హమీదుద్దీన్ ఫైలు తెరవకుండా, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, నా వైపు తిరిగాడు.

"బెహన్, ఈ గదిల ఎవరుంటరని అడుగుతుండు సాబ్. పొద్దున మీరొక కాగితం ఇచ్చిపోయిండ్రు గద. అది సాబ్‌కి నేనింక చూపెట్టలే. ఇప్పుడు మీరేం చెప్తే అదే."

మా ఆయన చేతిలో టేపు చుట్ట ఆగిపోయింది. నా వైపు చూశాడు. పొద్దునా, కాగితమా అని ఆ కళ్ళు అడిగాయి. పెళ్ళయిన ఏడేళ్ళలో ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు, కానీ అలా ఎప్పుడూ చూడలేదు. నేను తల దించుకున్నాను.

ఇళ్ళు కొలిచేటప్పుడు టేపు మొదటి కొస ఇంటామె గోడకి ఆనించి పట్టుకోవాలి. రెండో కొస బలదియా మనిషి లాగుతాడు. ఇంటివాళ్ళ ఎదుటే కొలిచామని రుజువన్నమాట. మా ఆయన ఆ కొస చాపాడు. మెహర్‌కీ నాకూ మధ్య గాల్లో నిలిచింది ఆ ఇనప కొక్కెం.

మెహర్ నా మోచెయ్యి పట్టి ముందుకు తోసింది. "పట్టుకో అక్కా. నీ గదే గద."

పట్టుకున్నాను. గోడకి ఆనించాను. "మేముంటాం హమీద్ భాయ్. నేనూ మా ఆయనా పాపా," అన్నాను. "పొద్దున్న ఇచ్చింది కోపంలో ఇచ్చాను. మొగుడూ పెళ్ళాల గొడవ. అది పనికిరాదు."

హమీదుద్దీన్ ఊపిరి పీల్చుకున్నట్టు కనపడ్డాడు. ఇంజనీరుకి అరబ్బీలో చెప్పాడు. ఆయన తలూపి, రాసుకుంటూ, మంచం పైనున్న ఫోటో దగ్గర ఆగాడు. పూల సెహ్రా కట్టుకున్న పెళ్ళికొడుకునీ, పక్కన దీపంలాంటి మొహాన్నీ చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఈసారి ఎవరినీ అడగమనకుండా తనే ఇంగ్లీషులో అడిగాడు, ఇదెవరని.

మూడేళ్ళుగా ఆవిడ నన్ను అక్కా అంటూనే ఉంది. నేను ఒక్కనాడూ తిరిగి చెల్లీ అనలేదు. అంటే ఏదో నాది తగ్గిపోతుందనిపించేది.

"నా చెల్లెలు," అన్నాను. "వాళ్ళాయన మెసయీద్‌లో పని. ఇదుగో, నన్ను చూడ్డానికి వచ్చింది."

పక్కన మెహర్ ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది. నేను అటు చూడలేదు. చూస్తే నేనూ ఏడ్చేదాన్ని. ఇంజనీరు నవ్వి, "మాషాల్లా," అని, కాగితం కింద సంతకం పెట్టడానికి జేబులోంచి పెన్ను తీశాడు. మా ఆయన టేపు చుట్టడం మొదలుపెట్టాడు. బయట డ్రైవరు రంగు డబ్బా ఎత్తి మళ్ళీ బండిలో పెట్టబోతున్నాడు. ఇరవయ్యో తారీఖు దాటిపోయినట్టే అనిపించింది నాకు.

పెన్ను మూత తీస్తూ ఇంజనీరు వసారాలోకి నడిచాడు. మూసి ఉన్న మా గది తలుపు ముందు ఆగి, ఆఫీసులో ఇచ్చిన ప్లాను మీద వేలు పెట్టి, మా ఆయన్ని అడిగాడు.

"ఇది స్టోర్ కదా? లోపల మనుషులెవరూ ఉండరుగా?"

"ఉండరు సార్," అన్నాడు మా ఆయన. పిల్ల ఎదురింట్లో, ఖాసింబీ దగ్గర ఆడుకుంటోందని అనుకుని ఉంటాడు. దాన్ని ఆ కిటికీ గాలిలోంచి ఎత్తుకెళ్ళి, నా చేతులతోనే అక్కడ పడుకోబెట్టి తలుపు మూశానని ఆయనకేం తెలుసు?

నేను ఆ తలుపు వైపు ఒక అడుగు వేశాను. ఆ లోపే, లోపలి నుంచి షెరిన్ దగ్గింది.